చిత్రోత్సవానికి వెళ్లిన సినిమా ఇంటికి రావద్దా?

ఒక చిన్న సినిమా బెర్లిన్‌కో వెనిస్‌కో ఎంపికైందని వార్త వస్తుంది. పేపర్లో ఒక ఫొటో, రెండు పేరాలు. పోస్టర్ మీద ఆకుల దండ గుర్తు పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ సినిమా ఏమైందో, ఎవరు చూశారో అడిగితే చెప్పేవాళ్లుండరు. తప్పు సినిమాదా, ప్రేక్షకుడిదా, ప్రచారాన్ని ఒక పనిగా లెక్కపెట్టని సినిమావాళ్లదా? నేను మూడోదే అంటాను. అయితే ఎదురు చెప్పేవాళ్లు లేకుండా చెప్పుకుపోతే వ్యాసం తేలుతుంది గానీ వాదం తేలదు. అందుకని ఎదురుపక్షానికి ఒక మనిషిని నిలబెట్టాను. పదహారు ఎం.ఎం. ప్రింట్లు తెప్పించి, తెల్లగుడ్డ కట్టి, ప్రపంచ సినిమాను జిల్లా కేంద్రాల్లో చూపించిన ఫిల్మ్ సొసైటీ తరం మాస్టారు ఆయన. మనిషి కల్పితం, ఆయన అభ్యంతరాలు మాత్రం కల్పితాలు కావు.

మాస్టారు: అబ్బాయ్, టికెట్ల లెక్కతో నిమిత్తం లేకుండా సినిమాను సినిమాగా చూసే చోటు ఒకటుండాలనే కదా మేం చిత్రోత్సవాలను నెత్తిన పెట్టుకున్నాం! ఇప్పుడు అక్కడికీ బజారును తోలుకొచ్చారు. సినిమా పూర్తి కాకముందే పబ్లిసిస్టు, సేల్స్ ఏజెంటు, టీజరు, ఎర్ర తివాచీ మీద ఫొటోలు. 'అనోరా' సంగతే చూడు. 2024లో కేన్స్‌లో పామ్ దోర్ తెచ్చుకున్న సినిమా. తీయడానికి అయింది సుమారు 60 లక్షల డాలర్లు. ఆస్కార్ దాకా నడిపించడానికి డిస్ట్రిబ్యూటరు ప్రచారానికి పోసింది కోటీ 80 లక్షల డాలర్లని అక్కడి పత్రికలే రాశాయి. అసలుకి మూడింతలు చాటింపుకి! మా రోజుల్లో బి. నర్సింగరావు 'దాసి' తీశారు. ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి, 1989లో మాస్కో చిత్రోత్సవానికి వెళ్లింది. దాన్ని నిలబెట్టింది అర్చన నటన, ఎ.కె. బీర్ కెమెరా, వైకుంఠం కళ. 'పథేర్ పాంచాలి' 1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలైతే మొదటి రోజుల్లో హాలు నిండలేదు. చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు, వారం రెండు వారాల్లో నిండింది. మంచి సినిమాకి నోటిమాట చాలు. అది చాలని సినిమాకి ఎంత ప్రచారం చేసినా దండగ.

రచయిత: 'పథేర్ పాంచాలి' పేరెత్తారు కాబట్టి అక్కడే కాసేపు ఆగుదాం మాస్టారూ. నా తరఫున అంతకన్నా గట్టి సాక్షి ఇంకొకటి లేదు. సత్యజిత్ రాయ్ అప్పటికి డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో ఆర్ట్ డైరెక్టరు. సినిమా పోస్టర్లు తనే వేసుకున్నారు. అపు, దుర్గ పరుగెత్తుతున్నట్టు ఒక నియాన్ బొమ్మ చేయించి కలకత్తాలో జనం మసిలే కూడలిలో పెట్టించారు. మీరు చెప్పిన నోటిమాట ఆ నియాన్ వెలుగు కిందనుంచే మొదలైంది. అంతకు ముందు సంగతి ఇంకా విలువైనది. 1954లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం నుంచి మన్రో వీలర్ కలకత్తా వచ్చినప్పుడు సినిమా ఇంకా సగంలోనే ఉంది, చేతిలో డబ్బు లేదు. ఆయన చూసింది కొన్ని స్టిల్స్. అవి చూసే, పూర్తిచేస్తే మా మ్యూజియంలో వేస్తామన్నాడు. తర్వాత జాన్ హ్యూస్టన్ కొన్ని నిమిషాల రష్ చూసి మంచి మాట చెప్పాడు. 1955 మేలో న్యూయార్క్‌లో మొదటి ఆట పడింది. సబ్‌టైటిల్స్ వేయించే వ్యవధి లేక, ప్రింటు అలాగే వెళ్లింది. మరుసటి ఏడాది కేన్స్‌లో ఆ సినిమా ఆట, కురొసావా గౌరవార్థం ఇచ్చిన విందు ఒకే వేళకి పడ్డాయి. హాలుకి వచ్చిన విమర్శకులు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో మెచ్చినవాళ్లు గట్టిగా రాశారు. చివరికి 'ఉత్తమ మానవ పత్రం' అన్న బహుమతి వచ్చింది. అంత గొప్ప సినిమా కూడా ఒక విందు వేళకి ఎదురుపడి ఎవరికీ కనిపించకుండా పోయే ప్రమాదంలో పడిందంటే, గొప్పతనం ఒక్కటే కాపలా కాస్తుందని ఎలా నమ్మమంటారు? నోటిమాట పుట్టాలంటే ముందు కొన్ని నోళ్లు హాల్లో ఉండాలి. వాటిని హాలుదాకా తీసుకొచ్చే పనినే నేను ప్రచారం అంటున్నాను.

పైగా, నోటిమాటకి గడువు కావాలి. 1955లో హాలువాళ్లు వారాల తరబడి ఓపిక పట్టారు. ఇవాళ మల్టీప్లెక్సులో చిన్న సినిమాకి శుక్రవారం ఒక ఆట ఇస్తారు, అదీ మధ్యాహ్నం పూట. ఆదివారం రాత్రి లెక్క చూసి సోమవారం ఎత్తేస్తారు. చూసినవాడు ఆఫీసుకెళ్లి తోటివాళ్లకి చెప్పేలోగా సినిమా ఉండదు. పాతకాలపు నోటిమాట మీద భరోసా పెట్టుకుని ఈ కాలపు షెడ్యూలులో దిగడమంటే సినిమాను చేతులారా వదిలేసుకోవడమే.

మాస్టారు: రాయ్ ప్రచారంలో ఒక నిజాయితీ ఉంది. సినిమాలో ఏముందో అదే బొమ్మలో చూపించారు. ఇవాళ్టి మీ ప్రచారానికి గురుపీఠం ఏదో చెప్పనా? 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'. 60 వేల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన సినిమా. 1999 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవానికి వచ్చినవాళ్లకి, తప్పిపోయిన ముగ్గురు విద్యార్థుల ఆచూకీ చెప్పండంటూ కరపత్రాలు పంచారు. అదంతా నిజంగా జరిగిందని వెబ్‌సైటు పెట్టారు. ఆర్టిజాన్ కంపెనీ 11 లక్షల డాలర్లకి కొనుక్కుని ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అప్పటినుంచి ప్రచార పాఠాలు చెప్పే ప్రతివాడూ ఆ కథే చెబుతాడు. అబద్ధంతో అమ్మిన సినిమాను ఆదర్శమంటే ఎలా ఒప్పుకోను?

రచయిత: ఒప్పుకోవద్దు, నేనూ ఒప్పుకోను. ఆ అబద్ధం ఖరీదు ఎవరు కట్టారో ఆ పాఠాలు చెప్పేవాళ్లు చెప్పరు. నటుల సొంత పేర్లే పాత్రలకి పెట్టారు. వాళ్లు చనిపోయినట్టు జనం నమ్మాలి కాబట్టి, సినిమా పేరు మారుమోగుతున్న రోజుల్లో వాళ్లని బయట కనిపించొద్దన్నారు. నటి తల్లికి సానుభూతి కార్డులు వచ్చాయి. పాతికేళ్లు గడిచాక 2024లో కూడా, మాకు రావలసిన వాటా ఇవ్వండని ఆ ముగ్గురూ బహిరంగంగా అడగవలసి వచ్చింది. సినిమా తీసినవాళ్ల బతుకును ఆసరా చేసుకుని నడిచిన ప్రచారం అది. దాన్నుంచి నేర్చుకోదగ్గది ఒక్కటే ఉంది: సినిమా ప్రేక్షకుడికి ఎక్కడ ఎదురవుతుందో తీసినవాళ్లు ముందే ఆలోచించారు. ఆ ఆలోచన అబద్ధం లేకుండా కూడా చేయవచ్చు. అసలు అబద్ధపు ప్రచారం చిన్న సినిమాకి గిట్టుబాటు కాదు. పెద్ద సినిమా మొదటి మూడు రోజుల్లో డబ్బు లాగేసుకుని మోసం బయటపడేలోగా తప్పుకోగలదు. చిన్న సినిమా చూసినవాడి మాట మీదే బతకాలి. ట్రైలర్లో లేని వేగాన్ని ఉన్నట్టు చూపిస్తే మొదటి ఆటకి వచ్చినవాడే శత్రువవుతాడు.

మాస్టారు: సరే, అబద్ధం పక్కన పెట్టు. మన తెలుగు సినిమా 'వనజ' ఉంది. రజనేష్ దోమలపల్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువులో భాగంగా తీసిన సినిమా. తారలు లేరు, పేరున్న బ్యానరు లేదు. 2006లో టొరంటో వెళ్లింది, 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలిచిత్రం బహుమతి తెచ్చుకుంది. రోజర్ ఈబర్ట్ అంతటి విమర్శకుడు ఆ ఏడాది తనకి నచ్చిన విదేశీ చిత్రాల్లో దాన్ని చేర్చాడు. అమెరికాలో ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డులకి నామినేషన్లూ వచ్చాయి. సినిమాలో సత్తా ఉంటే దారి అదే దొరుకుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రచయిత: మీరు చెప్పిన ప్రతి మాటా నిజం. ఇప్పుడు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి: బెజవాడలోనో వరంగల్లోనో సినిమా అంటే ప్రాణమిచ్చే ఒక వందమందిని పట్టుకుని అడిగితే, వాళ్లలో 'వనజ' చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఒక జాలరి కూతురు కూచిపూడి నేర్చుకోవాలన్న ఆశతో జమీందారిణి ఇంట్లో పనికి కుదురుతుంది. ఆ ఇంటి అబ్బాయి చేతిలో అన్యాయమైపోతుంది. ఆ పిల్ల మాట్లాడేది మన భాష, ఆడేది మన నాట్యం, అణిగేది మన ఊళ్ల కులం కింద. ఈబర్ట్‌కి ఆ కథ అందడం సంతోషమే. కానీ ఆ జమీందారిణి గొంతులో పలికే అధికారం ఎలాంటిదో సబ్‌టైటిల్ లేకుండా తెలిసే కోట్లమందికి అది అందలేదు. దీన్ని సినిమా విజయమని మీరు అంటున్నారు. సగం విజయమని నేనంటున్నాను. చిత్రోత్సవం ఒక పరిచయపత్రం ఇస్తుంది, దాన్ని పట్టుకుని వెళ్లి తలుపు తట్టే పని సినిమావాళ్లదే. 'దాసి' అయినా అంతే, ఐదు జాతీయ అవార్డులు కూడా ఇవాళ్టి పాతికేళ్ల కుర్రాడికి దాన్ని చేర్చలేకపోయాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. మన చిన్న సినిమాలకి ముందు రచ్చ గెలవడం తప్పనిసరవుతోంది. కానివ్వండి, కానీ ఆ తర్వాతైనా ఇంటి దారి పట్టాలి కదా.

తట్టే పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూద్దాం. కేన్స్ తన జాబితాను ఏప్రిల్ నడుమ ప్రకటిస్తుంది, మే నడుమ ఉత్సవం మొదలవుతుంది. మధ్య ఉండేది నాలుగు వారాలు. పెద్ద ఉత్సవాలు ప్రపంచంలో మొదటి ఆట తమ దగ్గరే పడాలంటాయి కాబట్టి ఆ అవకాశం సినిమాకి జన్మలో ఒక్కసారే. ఆ నాలుగు వారాల్లో పత్రికలవాళ్లు అడిగేవి చాలా మామూలువి: నాలుగు మంచి స్టిల్స్, పోస్టరు, ఒకటి రెండు నిమిషాల క్లిప్పు, కథను పది వాక్యాల్లో చెప్పే కాగితం, ఈ సినిమా ఎందుకు తీశావో దర్శకుడి సొంతమాట. ఇందులో స్టిల్స్ దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. షూటింగులో స్టిల్ ఫొటోగ్రాఫర్ ఖర్చు దండగనుకుని మానేస్తారు. చివరికి వీడియోలోంచి ఒక ఫ్రేము కోసి పంపుతారు. ముఖం సగం మసకగా, చెయ్యి కదిలి, పెద్దది చేస్తే గింజలు గింజలుగా కనిపించే ఆ ఫొటోయే ప్రతి పత్రికలో పడుతుంది. పదేళ్ల తర్వాత ఎవరైనా సినిమా పేరు వెతికినా అదే వస్తుంది. రాయ్ స్టిల్స్ చూసి న్యూయార్క్ తలుపు తెరుచుకుంది. ఆ ఖర్చు వృథా అనేవాళ్లకి ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

మాస్టారు: ఇవన్నీ డబ్బున్నవాళ్ల మాటలు. ఇల్లు తాకట్టు పెట్టి సినిమా తీసిన కుర్రాడికి ఎంట్రీ ఫీజులు కట్టడమే గగనం. అక్కడికి వెళ్లడానికి టికెట్టు, ఉండడానికి గది, ఆపైన పబ్లిసిస్టు. ప్రచారం తప్పనిసరని నువ్వు అంటే, డబ్బు లేనివాడు సినిమా తీయొద్దని అన్నట్టే. ఉన్నవాడి సినిమాయే వినిపిస్తుంది, లేనివాడిది వినిపించదు. చిత్రోత్సవం ఆ తేడాను చెరిపేయాలి గానీ పెంచకూడదు.

రచయిత: ఇది మీ అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. డబ్బున్న సినిమా గొంతు పెద్దదే. 'అనోరా' లెక్క మాత్రం విడిగా చూడాలి. ఆ కోటీ 80 లక్షలు దర్శకుడి జేబులోంచి పోయినవి కావు, సినిమాను చేతిలోకి తీసుకున్న డిస్ట్రిబ్యూటరు పెట్టుబడి. ఆస్కార్ పందెం వేరే ఆట, దాన్ని చూసి మన కుర్రాళ్లు బెదిరిపోనక్కర్లేదు. అయినా మీ మాటలో ఉన్న అన్యాయం ఉండనే ఉంది. దానికి విరుగుడు ప్రచారం మానడంలో లేదు. మానేస్తే డబ్బులేనివాడు ఇంకా వెనకబడతాడు. ఉన్న కొద్ది డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఉన్నదంతా విదేశంలో మొదటి ఆట దగ్గరే ఖర్చయిపోతుంది. విమానం టికెట్లు, అక్కడి పబ్లిసిస్టు ఫీజు, ఒక రాత్రి విందు. ఇంటికొచ్చి విడుదల చేసే వేళకి పోస్టరు అతికించే డబ్బు ఉండదు. సేల్స్ ఏజెంటు ఒప్పందాల్లో ఇంకో చిక్కుంది. సినిమా అమ్మగా వచ్చిన డబ్బులోంచి ముందు కమిషను, తర్వాత ప్రచారపు ఖర్చులు మినహాయించుకుని, ఏమైనా మిగిలితేనే నిర్మాతకి ఇస్తారు. ఆ ఖర్చులకి ఒక పరిమితి రాయించుకోని నిర్మాత, సినిమా పది దేశాల్లో అమ్ముడుపోయిందని విని సంతోషించి, చేతికి ఏమీ రాక దిగాలు పడతాడు. పరిమితి రాయించుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఒప్పంద పత్రం చదివే ఓపిక చాలు.

ఇంకొకటి చెప్పాలి. అవార్డు దానంతటదే డిస్ట్రిబ్యూటరును తెస్తుందన్న నమ్మకం కూడా ఇప్పుడు చెల్లడం లేదు. 'నో అదర్ ల్యాండ్' 2024లో బెర్లిన్‌లో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి తెచ్చుకుంది. 2025 మార్చిలో ఆస్కార్ కూడా తెచ్చుకుంది. ఆ రోజుకి కూడా అమెరికాలో దాన్ని తీసుకునే డిస్ట్రిబ్యూటరు లేడు. తీసినవాళ్లే థియేటర్లు మాట్లాడుకుని విడుదల చేసుకున్నారు. కారణం రాజకీయం కావచ్చు, కానీ పాఠం అందరికీ వర్తిస్తుంది. ఎవరో వచ్చి తీసుకెళతారని కూర్చుంటే ఆస్కార్ చేతిలో ఉన్నా కూర్చునే ఉండాలి.

మాస్టారు: నా అసలు బాధ ఇంకోటుంది. బయటివాళ్లకి చెప్పుకోవాలన్న తాపత్రయం సినిమా రూపాన్నే మార్చేస్తుంది. కథను పది వాక్యాల్లో కుదించమంటారు. అందులో కులం, పేదరికం, ఆడపిల్ల కష్టం అన్న మూడు మాటలుంటే తలుపు తెరుస్తారు. ఇక తర్వాతి సినిమా ఆ మూడు మాటలకోసమే రాసుకుంటాడు కుర్రాడు. సినిమాలోని మనుషులకి కూడా అన్యాయమే. 'రైటింగ్ విత్ ఫైర్' సన్‌డాన్స్‌లో బహుమతులు తెచ్చుకుని 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. సరిగ్గా ఆస్కార్ ముందే, ఆ సినిమా ఎవరి గురించో ఆ 'ఖబర్ లహరియా' పత్రిక ఆడవాళ్లే, మమ్మల్ని ఒకే పార్టీ మీద దృష్టి పెట్టిన సంస్థగా చూపడం సరికాదని ప్రకటన ఇచ్చారు. లోకమంతా చప్పట్లు కొట్టాక సొంతమనుషులు కాదంటే ఎలా ఉంటుంది?

రచయిత: బాగుండదు. అందుకే ఇంటినుంచి మొదలుపెట్టమంటున్నాను. ఎవరి కథో వాళ్లకి ముందు చూపించని సినిమా, వాళ్ల గురించి పరాయిదేశంలో చెప్పే ప్రతి మాటకీ అప్పు పడుతుంది. 'కేరాఫ్ కంచరపాలెం' చూడండి. విశాఖలోని ఆ పేటవాళ్లే ఎనభై మందికి పైగా నటించారు. 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లింది. ఆ పేరును అక్కడే వదిలేయలేదు. విడుదలకి ముందు హైదరాబాదులో సినిమావాళ్లకి, రాసేవాళ్లకి ఆటలు వేశారు. చూసినవాళ్ల మాటలే ప్రచారమయ్యాయి. సెప్టెంబరు 7న విడుదలయ్యే వేళకి మాట్లాడే నోళ్లు సిద్ధంగా ఉన్నాయి. అందులో ఏ కష్టాన్నీ సరుకుగా అమ్మలేదు, మా పేట మనుషులు వీళ్లు అని చెప్పుకున్నారు, అంతే. పాయల్ కపాడియా సినిమా 'ఆల్ వియ్ ఇమాజిన్ యాజ్ లైట్' సంగతీ చూడండి. షాజీ కరుణ్ 'స్వహం' తర్వాత ముప్ఫై ఏళ్లకి కేన్స్ ప్రధాన పోటీలో నిలిచిన భారతీయ చిత్రం, 2024లో గ్రాండ్ ప్రి తెచ్చుకుంది. మన దేశం తరఫున ఆస్కార్‌కి దాన్ని పంపలేదు. అయినా ఆ నవంబరులోనే దేశమంతా థియేటర్లలోకి వచ్చింది, ప్రేక్షకులు టికెట్టు కొని చూశారు.

మాస్టారు: ఆ రెండు సినిమాల వెనకా రానా దగ్గుబాటి ఉన్నాడు. అది నువ్వు దాటేస్తున్నావ్. పెద్దింటివాడు చెయ్యి వేస్తే థియేటరు దొరికింది. చెయ్యి వేయని సినిమాలు వంద ఉంటాయి. ఒక మనిషి అభిరుచి మీద ఆధారపడినదాన్ని పద్ధతి అనకు.

రచయిత: దాటేయను మాస్టారూ. ఆయన చేసింది మంచిపని, అయినా ఒక్కరి మంచితనం వ్యవస్థ కాలేదన్న మీ మాట నిజమే. పెద్ద నిర్మాణ సంస్థల కంటపడని సినిమాకి తెలుగునాట ఇవాళ్టికీ సరైన దారి లేదు. దానికి మీలాంటివాళ్లే దిక్కు. విజయవాడ, తిరుపతి, కరీంనగర్‌లలో కాలేజీ హాళ్లున్నాయి, గ్రంథాలయాలున్నాయి, ఫిల్మ్ సొసైటీలకి పాత సభ్యులున్నారు. బెర్లిన్ నుంచి వచ్చిన సినిమాను థియేటర్లో పడకముందే అక్కడ ఒక్కో ఆట వేసి, దర్శకుడిని పిలిచి మాట్లాడించి, చూసినవాళ్లని నాలుగు వాక్యాలు రాయమంటే, అంతకన్నా చవకైన, నిజమైన ప్రచారం లేదు. మీరు తెల్లగుడ్డ కట్టి చేసిన పని అదే. దాన్ని ప్రచారమని మీరు అనుకోలేదు, నేను అంటున్నాను. మన మధ్య తేడా ఇంతే అయితే మిగిలిన వాదం తర్వాత చూసుకోవచ్చు.

ఇక సినిమా తీసేవాళ్లకి ఒక మాట. బడ్జెట్ కాగితం రాసే మొదటి రోజే ప్రచారానికి ఒక పద్దు పెట్టండి, అందులో సగానికి పైగా సొంతగడ్డ మీద విడుదలకే దాచండి. ఆ డబ్బు మిగలదనుకుంటే షూటింగులో రెండు రోజులు తగ్గించుకోండి, స్టిల్ ఫొటోగ్రాఫర్‌ని మాత్రం తగ్గించకండి. చూసేవాళ్లకి ఇంకో మాట. చిత్రోత్సవాలు తిరిగొచ్చిన తెలుగు సినిమా మీ ఊరి హాల్లో పడితే, టాక్ ఎలా ఉందో తెలిశాక చూద్దామని ఆగకండి. శుక్రవారమే వెళ్లండి, సోమవారానికి అది ఉండదు.